తాళం వేసిన గదిలో అమ్మ

ఈసారి వ్యాసం కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

దయ్యాల బంగళా కథ అనగానే మనకు తెల్లచీర, గజ్జెల చప్పుడు, గాలి లేకపోయినా కొట్టుకునే తలుపు గుర్తుకొస్తాయి. ఈ రకం కథలు నవలలుగా మొదలైంది ఇంగ్లాండులో, సుమారు 260 ఏళ్ల కిందట. వాటిని గాథిక్ నవలలు అంటారు. గాథిక్ అన్నది మొదట ఒక కట్టడపు పద్ధతి పేరు. కోసుగా ఉండే కమానులు, ఎత్తైన శిఖరాలు, చీకటి నడవలు ఉన్న పాతకాలపు చర్చిలు, మఠాలు, కోటలు ఆ కోవలోవి. బొంబాయి వీటీ స్టేషను చూసినవాళ్లకు ఆ పోకడ కొంత తెలుసు. ఆ పాత పద్ధతిని 19వ శతాబ్దంలో మళ్ళీ తీసుకొచ్చి కట్టిన స్టేషను అది. అటువంటి కోటల్లో జరిగే కథలు కనుక ఆ పేరు కథలకూ అంటుకుంది.

ఈ నవలల్లో పేరున్నవాటిని వరుసగా చదువుకుంటూ వస్తే ఒక సంగతి కనబడుతుంది. ఇంట్లో ఒక గది మూసి ఉంటుంది. అటువైపు వెళ్ళొద్దని ఇంటి పెద్ద చెబుతాడు. ఆ ఇంటి ఆడపిల్ల భయపడుతూనే వెళ్తుంది. అక్కడ ఆమెకు ఎదురయ్యేది చాలాసార్లు తన తల్లి, లేకపోతే తల్లి గురించి ఇంట్లో ఎవరూ చెప్పని నిజం. దయ్యం కథలో తల్లీకూతుళ్ళకు ఏం పని అని అడగవచ్చు. జవాబు మంత్రాల్లో దొరకదు, ఆస్తి కాగితాల్లో దొరుకుతుంది. ఆ చరిత్రే ఈ వ్యాసం.

మొదటి కోట

మొదటి గాథిక్ నవల 1764 డిసెంబరులో వచ్చింది. పేరు ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’. రాసినవారు హోరేస్ వాల్పోల్, ఇంగ్లాండు మొదటి ప్రధానమంత్రిగా చెప్పుకునే రాబర్ట్ వాల్పోల్ కొడుకు. ఏదో పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని చెప్పి, తన పేరు దాచుకుని వేశారు. పుస్తకం బాగా పోయాక 1765లో రెండో ముద్రణలో తనదేనని బయటపడ్డారు.

కథ ఇది. మాన్‌ఫ్రెడ్ అనే దొర, తాత అన్యాయంగా సంపాదించిన కోటలో ఉంటాడు. ఒక్కగానొక్క కొడుకు పెళ్ళిరోజున ఎక్కడినుంచో ఒక పెద్ద యుద్ధపు టోపీ ఆ కుర్రవాడి మీద పడి నలిగి చచ్చిపోతాడు. వంశం నిలవాలి, కోట చెయ్యి జారకూడదు. అందుకని మాన్‌ఫ్రెడ్ తన భార్య హిపాలిటాను వదిలేసి, కోడలు కావలసిన ఇసబెల్లానే పెళ్ళాడతానంటాడు. అతనికి మెటిల్డా అనే కూతురు ఉంది. ఉన్నా లెక్కలో లేదు, వారసుడంటే మగవాడే. హిపాలిటా ఎదురు చెప్పదు. భర్త వద్దంటే మఠంలో చేరిపోవడానికి సిద్ధపడుతుంది, కూతురికీ ఆ అణకువే నేర్పుతుంది. చివరికి చీకట్లో ఇసబెల్లా అనుకుని మాన్‌ఫ్రెడ్ పొడిచింది సొంత కూతురినే. ఆ రాత్రే కోట గోడలు కూలిపోతాయి.

అదే 1765లో విలియం బ్లాక్‌స్టన్ అనే న్యాయపండితుడు ఇంగ్లాండు చట్టాల మీద రాసిన పెద్ద గ్రంథం మొదటి సంపుటం వచ్చింది. పెళ్ళితో భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి అవుతారని, పెళ్ళి ఉన్నన్నాళ్ళూ ఆడమనిషి చట్టపరమైన ఉనికి ఆగిపోతుందని అందులో ఉంది. ఆ ఒక్క మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆమె నగదు, నగలు భర్తవి. ఆమె భూమి మీద పెత్తనం, రాబడి భర్తవి. పిల్లల మీద హక్కు తండ్రిది. డబ్బున్న ఇళ్లవాళ్ళు కూతురి పేరిట ట్రస్టు రాసి కొంత కాపాడుకునేవారు. మిగతావాళ్ళకు ఆ దారి లేదు. మనిషి బతికే ఉంది, ఇంట్లో తిరుగుతూనే ఉంది, కాని కాగితం మీద లేదు. దయ్యానికి ఇంతకంటే దగ్గరి వర్ణన నాకు తోచలేదు.

దయ్యం కథ కట్టింది ఎవరు

ఈ సంగతిని గట్టిగా పట్టుకుని కథగా మలిచినవారు ఆన్ రాడ్‌క్లిఫ్. ఒట్రాంటో వచ్చిన 1764లోనే ఆవిడ పుట్టారు. 1790లో ‘ఎ సిసిలియన్ రొమాన్స్’ రాశారు.

సిసిలీ దీవిలో మజ్జినీ కోట. ఆ కోట దొరకు ఎమీలియా, జూలియా అని ఇద్దరు కూతుళ్ళు, ఫెర్డినాండ్ అని ఒక కొడుకు. మొదటి భార్య చనిపోయిందని లోకానికి చెప్పి రెండో పెళ్ళి చేసుకున్నాడు. కూతుళ్ళను పాత కోటలో ఉంచి తాను రెండో భార్యతో నేపుల్స్‌లో కాపురం పెట్టాడు. కోటలో దక్షిణం వైపు భాగం ఎన్నో ఏళ్లుగా వాడుకలో లేదు. రాత్రిళ్ళు అక్కడ వెలుగు కదులుతుంది, మూలుగులు వినబడతాయి. కొడుకు నిలదీస్తే తండ్రి ఒక కథ చెబుతాడు. మన పూర్వీకుడు ఒకణ్ణి చంపాడు, అతని ఆత్మ అక్కడ తిరుగుతోంది, అటు పోవద్దు అని.

జూలియాను ఇష్టంలేని ఒక డ్యూకుకు కట్టబెట్టబోతే ఆమె పారిపోతుంది. ఎన్నో తిప్పలు పడి, ఒక గుహ దారి పట్టి, తెలియకుండానే సొంత ఇంటి అడుగుకు చేరుతుంది. ఒక తలుపు తీస్తే లోపల పాలిపోయిన ఆడమనిషి. జూలియా తల్లి. భర్తే ఆమెను అక్కడ బంధించి, చచ్చిపోయిందని చాటింపు వేశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. ఆ ఇంట్లో దయ్యం లేదు. దయ్యం ఉందన్న కథ ఉంది. ఆ కథ కట్టింది తండ్రి, కట్టింది తల్లిని దాచడానికి. పిల్లలు భయంతో ఆ గదివైపు వెళ్ళకపోతే చాలు, తాళంచెవి అక్కర్లేదు. తాళంకన్నా భయం గట్టిది.

1794లో రాడ్‌క్లిఫ్ రాసిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ ఇంకా పేరు తెచ్చుకుంది. దానికి ఆవిడకు 500 పౌండ్లు ముట్టాయి, ఆ రోజుల్లో నవలకు అది చాలా పెద్ద మొత్తం. ఈ కథలో ఎమిలీ అనే అమ్మాయికి తల్లీతండ్రీ పోతారు. మేనత్త చేరదీస్తుంది. ఆ మేనత్త మాంటోనీ అనే ఇటలీవాణ్ణి పెళ్ళాడుతుంది. ఆమె పేరిట ఫ్రాన్సులో ఆస్తులున్నాయి. మాంటోనీ ఆమెను కొండల్లోని ఉడాల్ఫో కోటకు తీసుకుపోయి, ఆస్తులు రాసిమ్మని ఒత్తిడి పెడతాడు. ఆమె సంతకం చెయ్యదు. కోట బురుజులో పడేస్తాడు, అక్కడ జబ్బుచేసి పోతుంది. ఆస్తి ఎమిలీకి వస్తుంది. అప్పుడు మాంటోనీ కాగితాలు తీసుకుని ఎమిలీ దగ్గరికి వస్తాడు. జనం ఈ నవలను దయ్యాల కోసం చదివారు. కాని అన్ని వందల పేజీల భయం వెనకా తిరుగుతున్నది ఒక్క సంతకం.

నవ్వుతూ చెప్పిన నిజం

ఈ నవలలు అంత పాకిపోయాక వెక్కిరించేవాళ్ళూ వచ్చారు. జేన్ ఆస్టిన్ రాసిన ‘నార్తాంగర్ ఆబీ’ ఆవిడ చనిపోయిన కొన్ని నెలలకు, 1817 డిసెంబరు చివర్లో అచ్చయింది. అందులో కేథరీన్ అనే పదిహేడేళ్ల పిల్ల ఉడాల్ఫో చదివి తల నింపుకుని, జనరల్ టిల్నీ అనే పెద్దాయన ఇంటికి చుట్టంగా వెళ్తుంది. ఆయన భార్య తొమ్మిదేళ్ల కిందట చనిపోయింది. ఆమె గది మూసి ఉంటుంది. ఈ ముసలాయన భార్యను చంపి ఉంటాడు, లేదా బంధించి ఉంటాడు అని పిల్ల లెక్క. దొంగచాటుగా వెళ్ళి చూస్తే గది శుభ్రంగా, వెలుతురుగా, మామూలుగా ఉంటుంది. ఆమె జబ్బుచేసే పోయింది. చదివేవాళ్ళం నవ్వుకుంటాం.

ఆస్టిన్ అక్కడితో ఆగలేదు. కేథరీన్‌కు అనుకున్నంత ఆస్తి లేదని తెలియగానే ఆ జనరల్ ఆ పిల్లను తోడు కూడా ఇవ్వకుండా ఇంట్లోంచి పంపించేస్తాడు. ఆయన కూతురు ఎలినార్ తల్లి పోయినప్పుడు ఊళ్ళో లేదు, చివరి చూపు దక్కలేదు. తల్లి లేని ఆ పెద్ద ఇంట్లో తండ్రి కనుసన్నల్లో మాట పెగలకుండా బతుకుతుంది. చెరసాల లేదు, మూలుగు లేదు, అయినా ఆ ఇంటి గాలి బరువుగానే ఉంది.

చట్టం ఒక మెట్టు దిగింది

కథల బయట ఏం జరుగుతోందో చూద్దాం. 1836లో కేరొలైన్ నార్టన్ అనే రచయిత్రి భర్తనుంచి విడిపోయారు. ముగ్గురు కొడుకులనూ భర్త తీసుకుపోయాడు. చట్టం అతని వైపే. ఆవిడ ఊరుకోలేదు. కరపత్రాలు రాశారు, పార్లమెంటు సభ్యులను కదిలించారు. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలను తనకు అప్పగించమని తల్లి కోర్టును అడగవచ్చు, ఆమె నడవడి మీద మచ్చ లేకపోతే. అంటే అంతకుముందు ఆ మాత్రం అడగడానికి కూడా తల్లికి గట్టి దారి లేదన్నమాట.

1847లో షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ వచ్చింది. జేన్ తల్లి లేని పిల్ల. ఆమె పంతులమ్మగా చేరిన ఇంట్లో పై అంతస్తు నుంచి వింత నవ్వు వినబడుతుంది. అక్కడ ఉన్నది ఇంటి యజమాని మొదటి భార్య బెర్తా. వెస్టిండీస్‌నుంచి 30,000 పౌండ్ల కట్నంతో వచ్చిన మనిషి, పిచ్చిదని పైగదిలో పెట్టారు. ఆమె గురించి మాట్లాడేవాళ్ళే తప్ప ఆమె మాట వినేవాళ్ళు ఆ నవలలో లేరు.

ఆ మాట వినడానికి 119 ఏళ్లు పట్టింది. వెస్టిండీస్‌లోని డొమినికా దీవిలో పుట్టిన జీన్ రీస్ 1966లో ‘వైడ్ సార్గాసో సీ’ రాశారు. బెర్తా అసలు పేరు ఆంటొనెట్ అని, ఆమెకూ ఒక బాల్యం, ఒక తల్లి ఉన్నారని అందులో చెప్పారు. బానిసత్వం రద్దయిన కాలం అది. జనం కోపంతో వాళ్ళ ఇల్లు తగలబెడతారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆనెట్ మనసు చెదిరిపోతుంది. ఆమెను వేరే ఇంట్లో కాపలా పెట్టి ఉంచుతారు. కూతురు చూడడానికి వెళ్తే తల్లి తోసేస్తుంది. ఆ కూతురే పెద్దదై, ఆస్తంతా భర్త చేతికి పోయి, సముద్రాలు దాటి ఇంగ్లాండులో పైగదికి చేరుతుంది. తల్లి నుంచి ఆ కూతురికి మిగిలిన వారసత్వం మూసిన గది ఒక్కటే.

1852లో ఎలిజబెత్ గాస్కెల్ ‘ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ’ రాశారు. చార్లెస్ డికెన్స్ నడిపే పత్రిక క్రిస్మస్ సంచికలో వచ్చిన కథ. ఇందులో దయ్యాలు నిజంగానే ఉన్నాయి. చలికాలం రాత్రి మంచులో ఒక చిన్నపిల్ల వచ్చి కిటికీ కొడుతుంది. ఆ ఇంటి పెద్ద కూతురు మాడ్ రహస్యంగా పెళ్ళి చేసుకుని ఆడపిల్లను కన్నది. సొంత చెల్లెలే అసూయతో తండ్రికి చెప్పేసింది. తండ్రి చంటిపిల్లను ఊతకర్రతో కొట్టి, తల్లీబిడ్డలను మంచులోకి గెంటి తలుపు వేశాడు. బిడ్డ చనిపోయింది, తల్లికి పిచ్చెత్తింది. రాడ్‌క్లిఫ్ కథలో తల్లి లోపల బందీ. గాస్కెల్ కథలో తల్లి గడప బయట. తలుపు ఒకటే, గడియ వేసే చెయ్యీ ఒకటే. ఆ రెండో కూతురు ముసలిదై చనిపోయేదాకా అదే ఇంట్లో ఆ చప్పుళ్ళు వింటూ బతికింది. తండ్రి పక్షాన నిలబడ్డ కూతురికి ఇల్లు దక్కింది, నిద్ర దక్కలేదు.

ఇంగ్లాండులో పెళ్ళయిన ఆడవాళ్ళ ఆస్తి చట్టాలు 1870లో ఒకటి, 1882లో ఒకటి వచ్చాయి. రెండోదానితో పెళ్ళయిన మనిషి తన ఆస్తి తన పేరనే ఉంచుకోగలిగింది. మరి అక్కడితో ఈ కథలు ఆగిపోవాలి కదా. ఆగలేదు.

గోడ మీద తట్టిన చప్పుడు

అమెరికా రచయిత్రి షర్లీ జాక్సన్ 1959లో ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ రాశారు. 1963లో రాబర్ట్ వైజ్ దాన్ని సినిమా తీశారు. ఎలినార్‌కు 32 ఏళ్లు. మంచంపట్టిన తల్లికి 11 ఏళ్లు సేవ చేసింది. తల్లి పోయి మూడు నెలలే. ఇప్పుడు అక్క ఇంట్లో, పసిపిల్ల గదిలో చిన్న మంచం మీద పడుకుంటుంది. కారు కొనడానికి సగం డబ్బు తనదే, అయినా అక్కాబావా కారు ఇవ్వరు. ఒక పండితుడు దయ్యాల బంగళా పరిశోధనకు మనుషుల్ని పిలిస్తే, ఎవరికీ చెప్పకుండా ఆ కారు వేసుకుని వెళ్ళిపోతుంది.

ఆ బంగళాకూ తల్లి లేదు. కట్టించిన ఆసామి భార్య ఆ ఇల్లు చూడకముందే, వాకిట్లో బండి తిరగబడి పోయింది. తల్లి లేకుండా పెరిగిన ఇద్దరు కూతుళ్ళు పెద్దయ్యాక ఆ ఇంటికోసమే తగవులాడుకున్నారు. అటువంటి ఇంట్లో రాత్రి గోడల మీద దబదబ బాదుడు. నిద్రమత్తులో ఎలినార్ అమ్మే పిలుస్తోందనుకుంటుంది. తల్లి మందు కావాలంటే గోడ మీద తట్టేది. చివరి రాత్రి కూడా తట్టిందా, తాను విని మళ్ళీ పడుకుందా, అసలు లేవలేదా? అది ఎలినార్‌కు తేలదు. ఆమె వెంట వచ్చిన దయ్యం అదే.

జాక్సన్ కథలో బంధించే తండ్రి లేడు, ఆస్తి లాక్కునే మొగుడు లేడు. చట్టం మారింది. ఇంట్లో పని మారలేదు. ముసలి తల్లికి సేవ ఒక్క కూతురి మీద పడింది, ఆ కూతురికి సొంతమని చెప్పుకునే ఒక గది కూడా మిగల్లేదు. ఇక్కడ తల్లీ బందీయే, కూతురూ బందీయే. ఒకరికొకరు కాపలా. మన ఇళ్ళల్లో ఇలా 11 ఏళ్లు చేసిన ఆడబిడ్డలు నాకు తెలుసు, మీకూ తెలిసి ఉంటారు.

పొరుగువాళ్ళు వచ్చిన ఇల్లు

ఈ వరుసలో గొప్పదని నేననుకునేది టోనీ మారిసన్ 1987లో రాసిన ‘బిలవ్డ్’. మరుసటి ఏడు పులిట్జర్ బహుమానం వచ్చింది, 1993లో ఆవిడకు నోబెల్ వచ్చింది. దీనికి మూలం నిజంగా జరిగిన ఘోరం. 1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కెంటకీనుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి పిల్లలతో పారిపోయింది. పట్టుకోవడానికి మనుషులు వచ్చేసరికి, పిల్లను మళ్ళీ బానిసత్వంలోకి పంపలేక తన రెండేళ్ల కూతురిని చంపేసింది.

ఆ దేశపు బానిస చట్టంలో ఒక సంగతి ఉంది. 1662లోనే వర్జీనియాలో రాసుకున్నారు, బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుందని. స్వతంత్రుల ఇంట్లో బిడ్డ తండ్రిది. బానిస కడుపున పుడితే మాత్రం తల్లిని బట్టి లెక్క, అంటే బిడ్డ తల్లి యజమానిది. ఆస్తి తండ్రినుంచి, సంకెల తల్లినుంచి.

నవలలో ఆ తల్లి పేరు సెథ్. సిన్సినాటీలో ఆమె ఉండే ఇల్లు దయ్యం పట్టిన ఇల్లు. తిరుగుతున్నది ఆమె చంపుకున్న కూతురే. బతికిన కూతురు డెన్వర్ గడప దాటకుండా పెరుగుతుంది. సెథ్‌కు తన సొంత తల్లి ముఖం కూడా సరిగా తెలియదు. రొమ్ము కింద కాల్చి వేసిన గుర్తు చూపించి, దీన్నిబట్టి నన్ను గుర్తుపట్టు అని ఆ తల్లి చెప్పింది. మూడు తరాల ఆడవాళ్ళు, ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఒక వాత.

ఆ ఇంటికి విడుదల ఎలా వచ్చిందన్నది మనలాంటి సంఘంవాళ్ళు గమనించాలి. తల్లి తిండి మాని కుంగిపోతుంటే, డెన్వర్ భయాన్ని మింగుకుని మొదటిసారి వీధిలోకి వెళ్ళి సాయం అడుగుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు ఆకలి తీర్చడానికి గిన్నెలో ఏదో ఒకటి వాకిట్లో పెట్టి పోతుంటారు, గిన్నె వెనక్కి ఇవ్వడానికి పేరు రాసిన చీటీతో. ఏళ్ల తరబడి ఆ ఇంటిని వెలివేసినట్టు ఉన్న ఆడవాళ్ళు చివరికి ముప్పైమంది కలిసి వచ్చి వాకిట్లో నిలబడి గొంతెత్తుతారు. దయ్యం వెళ్ళిపోతుంది. రాడ్‌క్లిఫ్ కూతురు ఒంటరిగా తలుపు తీసింది. మారిసన్ కూతురు బయటికి వెళ్ళి నలుగురినీ పిలిచింది. 1790కీ 1987కీ మధ్య ఈ కథలు నడిచిన దూరం అది.

మన ఇళ్ళ సంగతి

ఇదంతా దొరల కథ, మనకెందుకు అనిపించవచ్చు. తమిళనాడులో ఉన్న మనకు దయ్యాల బంగళా అంటే ‘చంద్రముఖి’. దాని మూలం 1993 మలయాళ సినిమా ‘మణిచిత్రతాళ్’. అందులో బంగళాలోని నర్తకి మాట్లాడేది తమిళం. తమిళంలోకి వచ్చేసరికి ఆమె తెలుగుదైంది, తమిళ సినిమాలో పూర్తి తెలుగు పాట పాడింది. మనవాళ్ళు థియేటర్లో చప్పట్లు కొట్టారు. ఆలోచిస్తే కథ ఏం చెబుతోంది? పరాయి రాజు ఎత్తుకొచ్చి గదిలో బంధించిన ఆడది, తాళం వెనకాల తన భాషలో మాట్లాడుతోంది. ఆమె తల్లి ఊసు కథలో లేదు. ఆ దయ్యం పూనే మలయాళపు గంగ కూడా తల్లిదండ్రులు కలకత్తాలో ఉంటే ఊళ్ళో అవ్వ దగ్గర పెరిగిన పిల్ల.

ఆ ‘చంద్రముఖి’ వచ్చింది 2005లో. అదే ఏడు సెప్టెంబరు 9న మన దేశంలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని ఆడ వారసులు అడగకూడదు, మగ వారసులు పంచుకుందామనుకున్నప్పుడే వాళ్ళకూ వాటా. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కావాలంటే పెళ్ళి కాకుండా ఉండాలి, లేదా భర్త వదిలేసి ఉండాలి, లేదా భర్తనుంచి విడిపోయి ఉండాలి, లేదా భర్త పోయి ఉండాలి. పొలానికి లేని అడ్డు ఇంటికి ఉంది. 2005లో ఆ సెక్షన్ తీసేశారు, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. అంతకుముందే ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5నుంచి, తమిళనాడు చట్టం 1989 మార్చి 25నుంచి అమలయ్యాయి. కర్ణాటక, మహారాష్ట్ర 1994లో చేశాయి. ఈ నాలుగూ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను పక్కన పెట్టాయి. ఒడిశాలో ఉన్న మనవాళ్ళు 2005 దాకా ఆగాల్సి వచ్చింది. 2005నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

మాటలు చూడండి. తెలుగులో ఇల్లాలు, తమిళంలో మనైవి, సంస్కృతంలో గృహిణి. మూడింట్లోనూ ఇల్లే ఉంది. ఆడదాన్ని ఇంటి పేరుతోనే పిలిచాం. ఆమెకు పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి. తమిళంలో పుట్టింటిని తాయ్ వీడు అంటారు, అంటే తల్లి ఇల్లు. పట్టా చూస్తే తల్లి పేరు ఎక్కడుంటుంది? కూతురు పసుపు కుంకుమ పుచ్చుకుని విడుదల పత్రం మీద సంతకం పెట్టి వెళ్తుంది. మన అన్నదమ్ములు మాంటోనీలు కారు, చాలామంది ప్రేమగానే పెడతారు. అయినా ఆ సంతకం పెట్టేముందు అందులో ఏముందో ఆ అమ్మాయికి ఎవరైనా చదివి వినిపించారా అన్నది కాగితాలతో ఉద్యోగమంతా గడిపిన నాలాంటివాడికి తోచే ప్రశ్న.

ఇక నా అసలు విన్నపం. మన సంఘం కుటుంబ వివరాల పుస్తకం మళ్ళీ వేస్తోంది. పాత పుస్తకంలో తాత, తండ్రి, కొడుకు వరుస ఉంది, ఇంటిపేరు, గోత్రం ఉన్నాయి. ఆడవాళ్ళు ఫలానావారి భార్య అన్నచోట ఆగిపోయారు. మనం వందల ఏళ్ల కిందట ఇటు వచ్చాం. బడిలో నాకు చెప్పింది తమిళం, ఆఫీసులో వాడింది ఇంగ్లీషు, తెలుగు మాత్రం మా అమ్మ వంటింట్లో దొరికింది. ఆమెకు ఆమె అమ్మ ఇచ్చింది. ఇన్ని తరాలు ఈ భాషను మోసుకొచ్చిన చేతుల పేర్లే మన పుస్తకంలో లేవు.

కొత్త ఫారంలో మూడు గడులు అదనంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను: తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, తల్లి తల్లి పేరు. అవి ఇంట్లో ఆడపిల్లల చేత నింపించండి. నా ఫారం రాసేటప్పుడు మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు కోసం మా చెల్లెలికి ఫోను చేశాను. అడిగీ అడగకముందే చెప్పింది, దానికి పైతరం పేరు కూడా చెప్పింది. ఆ పేర్లు ఎక్కడికీ పోలేదు. కూతుళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి, అడిగేవాళ్ళు లేక ఉండిపోయాయి.

ఇంట్లో ఎనభై దాటిన అమ్మలు, అవ్వలు ఉన్నవాళ్ళు ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. మిగతా వివరాలు తర్వాత రాసుకోవచ్చు.